సగములో నిలిచిన పట్టము: బళ్లారి సరిహద్దున దూరవిద్యాసంస్థల యెంపిక

పి.యు.సి. ముగించి, పట్టపు చదువులో ఒకటి రెండేండ్లు గడిపి, ఆపై పెండ్లి వలననో, ఇంటి పెద్ద మరణము వలననో, తోరణగల్లు ఉక్కు కర్మాగారమునందో బళ్లారి జీన్సు కుట్టు కార్ఖానాలయందో దొరకిన పని వలననో చదువు నిలిపివేసి, పది పదునైదేండ్ల పిమ్మట దానిని పూర్తిచేయ దలచిన వారు బళ్లారి కంటోన్మెంటు ప్రాంతమున తఱచుగా అడుగు ప్రశ్న యొకటి గలదు: డిగ్రీ ఎక్కడ కట్టవలెను? దీనికి సమాధానము చెప్పువారికి కొఱత లేదు. మైసూరు పేరు చెప్పువారు కొందఱు, ఢిల్లీ పేరు చెప్పువారు కొందఱు; తెలుగుపై మమకారముచే హైదరాబాదు, విశాఖపట్నముల వైపు చేయి చూపువారు మఱికొందఱు; సెల్‌ఫోనులోనే తరగతులు, సెల్‌ఫోనులోనే పరీక్షలు అని ప్రకటించు దూరరాష్ట్రముల ప్రైవేటు విశ్వవిద్యాలయముల ప్రతినిధులు ఇటీవల వీరికి తోడైరి. కంటోన్మెంటులోనే, వినాయకనగరమునందలి జ్ఞానసాగర ప్రాంగణమున, విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము నెలకొని యున్నది గాని, పగలు కార్ఖానాలో నుండు మనిషికి పగటి తరగతుల విశ్వవిద్యాలయము ఎంత చేరువనున్నను దూరమే.

ఈ చర్చ ఇంతగా చిక్కుపడుటకు కారణము సమాచారము లేకపోవుట గాదు. వాదించువా రందఱును సంస్థల పేళ్లను పట్టుకొని వాదించుచున్నారు. చట్టమో, సంస్థ పేరును అంతగా లెక్కచేయక, విద్యార్థి ప్రవేశించిన సంవత్సరమున, అతడెన్నుకొన్న పాఠ్యక్రమమునకు, అతడు చదువు విధానమున అనుమతి గలదా లేదా యని మాత్రమే చూచుచున్నది. ఈ రెండు దృష్టుల నడుమ నున్న యెడమునందే పలువురి పట్టములు చిక్కుకొని పోయినవి. ఆ కథను మొదటినుండి పరిశీలించినగాని ఏ పక్షమువారి వాదమున ఎంత బలము గలదో తేలదు.

పూర్వరంగము

ఇంటివద్ద చదివి పరీక్షకు మాత్రము పోయి పట్టమును పొందు పద్ధతిని లండన్ విశ్వవిద్యాలయము 1858లోనే బయటి విద్యార్థులకు అనుమతించెను. అంతకు ముందటి సంవత్సరమున స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయము సైతము తొలినాళ్లలో బోధించు సంస్థగా గాక పరీక్షించు సంస్థగానే నడచినది. దత్తమండలములలో భాగమై 1800లో కంపెనీ పాలనకు వచ్చిన బళ్లారి ఆ వెనుక ఒకటిన్నర శతాబ్దము మద్రాసుతోనే ముడిపడి యుండుటచే, ఇచ్చటి విద్యార్థికి పట్టమనగా చిరకాలము చెన్నపట్టణపు పట్టమే. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసినను, 1945లో బళ్లారియందే వీరశైవ కళాశాల ఆరంభమైనను, పాఠము చెప్పు చోటు దగ్గఱకు వచ్చినదే గాని పట్టముపై ముద్ర వేయు చోటు దూరముననే యుండెను.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్లారి జిల్లా రెండుగా చీలినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరగా, ఎంతయో వివాదమునకు లోనైన బళ్లారి తాలూకాయు తక్కిన భాగమును మైసూరునకు పోయినవి. ఒక్క దినమున ఒకే జిల్లావారు రెండు రాష్ట్రములకు, క్రమముగా రెండు విశ్వవిద్యాలయ వ్యవస్థలకు చెందిరి. వీరశైవ కళాశాల చరిత్రయే ఈ మార్పులకు సాక్ష్యము: మద్రాసు, ధార్వాడలోని కర్ణాటక, గుల్బర్గా విశ్వవిద్యాలయములకు వరుసగా అనుబంధమై యుండి, 2010లో బళ్లారియందే విశ్వవిద్యాలయ మేర్పడిన పిమ్మట దానిలో చేరినది. ఆవల అనంతపురమున 1981లో వెలసిన విశ్వవిద్యాలయము గూడ శ్రీకృష్ణదేవరాయల పేరనే యున్నది. నూఱు కిలోమీటర్లకు అటునిటుగా, రెండు రాష్ట్రములలో, ఒకే ప్రభువు పేర రెండు విశ్వవిద్యాలయములు నిలుచుట సరిహద్దుసీమకే తగిన విచిత్రము. ఆ ప్రభువు రెండు భాషల కవులను ఆదరించినవాడే యైనను, ఆయన పేరిటి విశ్వవిద్యాలయములు మాత్రము ఒకదాని యెల్లను మఱియొకటి దాటజాలవు.

తపాలా పాఠములనుండి సార్వత్రిక విద్యకు

స్వతంత్రభారతమున దూరవిద్య రెండు పాయలుగా ప్రవహించినది. మొదటిది తపాలా విద్య. డి.ఎస్. కొఠారీ అధ్యక్షతన 1961లో ఏర్పడిన సంఘము సూచనల ననుసరించి 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము దీనిని ప్రారంభింపగా, మైసూరు విశ్వవిద్యాలయము 1969లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోను ఆ మార్గమునే పట్టినవి. కళాశాలలో చెప్పు పాఠ్యక్రమమునే అచ్చువేసి పొట్లములుగా ఇంటికి పంపుట, ఏడాదికొకమాఱు కొన్నిదినములు ముఖాముఖి తరగతులు జరుపుట, రోజువారీ విద్యార్థులకు సరిపోలు పరీక్షనే పెట్టుట దీని లక్షణములు. ఇందలి గుణము పట్టమునకు కలుగు సమానగౌరవము. దోషము, అధ్యాపకుడు ఎదుట నుండగా చదువుటకై వ్రాసిన పాఠమును అధ్యాపకుడు లేని విద్యార్థి చేతిలో పెట్టుట.

రెండవ పాయ సార్వత్రిక విద్య. బ్రిటనులో 1969లో రాజశాసనముచే స్థాపితమైన ఓపెన్ యూనివర్సిటీ దీనికి ఆదర్శము. భారతదేశమున ఇట్టి విశ్వవిద్యాలయము మొట్టమొదట వెలసినది తెలుగునాటనే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయముగా ఏర్పడి, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరును ధరించిన ఈ సంస్థకు తొలి ఉపాధ్యక్షుడు ఆచార్య జి. రామ్‌రెడ్డి. ఆయనయే 1985లో పార్లమెంటు చట్టముచే ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపాధ్యక్షుడగుటచే, హైదరాబాదున చేసిన ప్రయోగముయొక్క అనుభవము ఢిల్లీకి చేరినది. విద్యార్థి ఒంటరిగా చదువుకొనుటకు వీలగు పుస్తకములను ప్రత్యేకముగా వ్రాయించుట, ఇంటర్మీడియట్ లేని వయోజనులను అర్హతపరీక్ష ద్వారా చేర్చుకొనుట, తెలుగులో ఉన్నతవిద్యకు తగిన పాఠ్యగ్రంథములను సిద్ధపఱచుట హైదరాబాదు సంస్థ సాధించిన కార్యములు. ఈ మూడవది తగిన గుర్తింపు పొందలేదని చెప్పవలసి యున్నది. పోటీపరీక్షలకు తెలుగున చదువువారు నేటికిని ఆ పుస్తకములనే వెదకుదురు.

మైసూరు తపాలా విద్యాసంస్థ 1996లో కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయముగా రూపుదాల్చెను. ఆ విధముగా శతాబ్దాంతమునకు బళ్లారివాసి యెదుట మూడు దిక్కుల మూడు సార్వత్రిక విశ్వవిద్యాలయములును, వాని నడుమ తపాలా పాఠముల పాత సంస్థలు అనేకమును నిలిచినవి.

గుర్తింపు యను చిక్కుముడి

దూరవిద్యను నియంత్రించుటకై 1991లో ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయమున కధీనముగనే దూరవిద్యామండలి యేర్పడినది. తాను పాఠములు చెప్పుచు, తనతో పోటీపడువారికి తానే అనుమతుల నిచ్చు ఈ యేర్పాటు మొదటినుండియు విమర్శకు గుఱియైనది. ఆ కాలముననే, ఒక గది, ఒక బల్ల, ఒక నామఫలకము గల చోటెల్ల అధ్యయనకేంద్రమై, ఎచ్చటి విశ్వవిద్యాలయపు పట్టమైనను ఎచ్చటనైనను దొరకు స్థితి యేర్పడినది. గోడలపై 'వన్ సిట్టింగ్ డిగ్రీ' యను వ్రాత తెలుగుదేశపు పట్టణములలో చూడనివా రుండరు. మూడేండ్ల చదువునకు ఒకేమాఱు పరీక్ష వ్రాసి పట్టము పొందవచ్చునను ఆ యాశ యెందఱినో మోసగించినది.

న్యాయస్థానములు మెల్లగా ద్వారములను మూయసాగినవి. ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు విశ్వవిద్యాలయములను గూర్చి ఆచార్య యశ్‌పాల్ వేసిన వ్యాజ్యమున 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఒక రాష్ట్రపు చట్టముచే పుట్టిన విశ్వవిద్యాలయము ఆ రాష్ట్రపు టెల్లలు దాటి విస్తరింపరాదను సిద్ధాంతమునకు బలమిచ్చినది. అన్నామలై విశ్వవిద్యాలయ వ్యాజ్యమున 2009లో వచ్చిన తీర్పు, మొదటి పట్టము లేకయే సార్వత్రిక మార్గమున నేరుగా పొందిన పై పట్టము చెల్లదని స్పష్టపఱచినది. దూరవిద్యా నియంత్రణపై మాధవ మీనన్ సంఘపు పరిశీలనానంతరము 2013లో దూరవిద్యామండలి రద్దయి, అధికారము విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు (యు.జి.సి.) సంక్రమించినది.

కర్ణాటకవాసులు మఱువరాని ఘట్టము దీని వెనుకనే వచ్చినది. రాష్ట్రము వెలుపల ఇతర సంస్థలతో చేతులు కలిపి కేంద్రములు నడపుట, అనుమతి లేని సాంకేతిక పాఠ్యక్రమములను బోధించుట మొదలగు కారణములచే, 2012-13 తరువాత మైసూరు సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు గుర్తింపు లేదని యు.జి.సి. 2015 జూనులో ప్రకటించెను. ఈ ప్రకటన వెలువడునప్పటికే రెండు సంవత్సరముల విద్యార్థులు ప్రవేశించి, రుసుములు చెల్లించి, కొందఱు పరీక్షలు సైతము వ్రాసి యుండిరి. కర్ణాటకములోనే యుండి, కన్నడముననే బి.ఏ. చదివిన సామాన్యుడు, ఎచ్చటనో పరరాష్ట్రమున జరిగిన యతిక్రమణమునకు దండన మనుభవించెను. 2018 ఆగస్టులో యు.జి.సి. ఆ సంవత్సరపు ప్రవేశముల నుండి గుర్తింపును పునరుద్ధరించినది. ఆ భవనమే, ఆ బోధకులే, దాదాపుగా ఆ పుస్తకములే. అయినను 2012లో చేరినవాని పట్టమునకు లేని సందేహము 2014లో చేరినవాని పట్టమునకు కలిగెను, 2018లో చేరినవానికి మరల తొలగెను. సంస్థ మంచిదా కాదా యను ప్రశ్న ఎంత నిరర్థకమో దీనికంటె బాగుగా నిరూపించు ఉదాహరణము మఱియొకటి కానరాదు.

నేడు అమలులో నున్నది 2020 సెప్టెంబరు నాటి నియమావళి. దూరవిద్య నడప దలచిన సాధారణ విశ్వవిద్యాలయమునకు న్యాక్ మదింపులో 4కు 3.01 పాయింట్లయినను, జాతీయ ర్యాంకులలో మొదటి నూఱింటిలో స్థానమైనను ఉండవలెనని అది విధించినది. ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రము మొదలగునవి ఈ మార్గమున నిషిద్ధములు. అనుమతితో పొందిన దూరవిద్యా పట్టము, ఆన్‌లైన్ పట్టము రోజువారీ పట్టముతో సమానములని 2022లో యు.జి.సి. మరల స్పష్టపఱచినది. 2024నుండి ప్రతి విద్యార్థియు యు.జి.సి. దూరవిద్యావిభాగపు (డి.ఇ.బి.) గుర్తింపుసంఖ్యను తానే సృష్టించుకొని చేరవలసి యున్నది. మధ్యవర్తి మాటను నమ్మి సంతకము పెట్టు అలవాటును ఈ చిన్న యేర్పాటు కొంత తగ్గించును.

స్వరాష్ట్రపక్షము

ఉన్నచోటి రాష్ట్రపు సంస్థనే ఆశ్రయింపవలెనను పక్షమువారి వాదము ముఖ్యముగా ఉద్యోగముపై నిలిచినది. కర్ణాటక ప్రభుత్వ కార్యాలయములలో ద్వితీయశ్రేణి సహాయకుని (ఎస్.డి.ఏ.) కొలువునకు పి.యు.సి. చాలును గాని, ప్రథమశ్రేణి సహాయకుని (ఎఫ్.డి.ఏ.) కొలువునకు పట్టము కావలెను. రెంటికిని కన్నడజ్ఞానము తప్పనిసరి. బ్యాంకు గుమాస్తా పరీక్షలయందును స్థానికభాష వచ్చియుండవలెను. మైసూరు సంస్థ పుస్తకములు కన్నడమునను ఆంగ్లమునను ఉండుటచే, పట్టముతోబాటు ఆ భాషాభ్యాసమును కలుగునని వీరందురు. కర్ణాటకములోనే పరీక్షాకేంద్రములుండుట, సందేహము వచ్చినపుడు రైలెక్కి మైసూరు పోవలసిన యవసరము తగ్గుట వీరి ఇతర హేతువులు.

ఇచ్చట తఱచు కలిసిపోవు రెండు విషయములను విడదీయుట మంచిది. రాజ్యాంగమునందలి 371-జె అధికరణమువలన కల్యాణ కర్ణాటక ప్రాంతమునకు లభించు స్థానిక రిజర్వేషను బళ్లారి జిల్లాకును వర్తించును. 1800 తరువాత నిజాము నేలుబడి నెఱుగని బళ్లారి ఒకనాటి హైదరాబాదు-కర్ణాటకమున చేరుట చరిత్రజ్ఞులకు వింతగా తోచునేమో గాని, ఉద్యోగార్థులకు అది మేలే చేసినది. ఆ స్థానికత జన్మనివాసముల ననుసరించి వచ్చునది. పట్టము మైసూరులో తీసికొనినంత మాత్రమున అది రాదు, ఢిల్లీలో తీసికొనినంత మాత్రమున పోదు. ఈ భయముచే ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయమును వదలుకొనువారు అకారణముగా భయపడుచున్నారు.

ఈ పక్షముపై ప్రధానాక్షేపణ గతచరిత్రయే. ఒకమాఱు తెగిన గుర్తింపు మరల తెగదని ఎట్లు నమ్మవచ్చును? ఇది న్యాయమైన సందేహమే. కాని సందేహమునకు మందు సంస్థను వెలివేయుట గాదు. చేరు సంవత్సరపు అనుమతిపట్టికను స్వయముగా చూచుటయే.

జాతీయపక్షము

ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయమునకు గల పెద్దబలము దాని కెల్లలు లేకపోవుట. కేంద్రచట్టముచే పుట్టినదగుటచే దేశమంతటను కేంద్రములను నడపవచ్చును. తోరణగల్లులో పనిచేయుచు చేరినవాడు పూణెకు బదిలీయైనను చదువు తెగదు. జనవరియందును జూలైయందును ప్రవేశములు, జూనునను డిసెంబరునను పరీక్షలు ఉండుటచే, ఒక పరీక్ష తప్పినను ఏడాదియంతయు వృథా పోదు. పరీక్షకు నూటికి 70, ఇంట వ్రాసి పంపు అసైన్‌మెంట్లకు 30 చొప్పున భారము పంచు పద్ధతి క్రమముగా చదువువారికి మేలుచేయును.

కాని ఈ సంస్థను సులభమని తలచినవారు నష్టపోవుదురు. ఇచ్చట ఒక క్రెడిట్ అనగా 30 గంటల చదువు. చిరకాలము నడచిన పాత బి.ఏ. పథకమున 96 క్రెడిట్లుండెను, అనగా 2,880 గంటలు. దానిని మూడేండ్లలో ముగింప దలచినవాడు వారమునకు పదునెనిమిది గంటలకు పైగా చదువవలెను. మూడు షిఫ్టుల కర్మాగారమున పనిచేయువానికిని, పిల్లలు గల గృహిణికిని అది యెంత కఠినమో వేఱుగ చెప్పనక్కఱలేదు. అందుకే ఆ పథకము ఆఱేండ్ల గడువు నిచ్చెను. ఆ గడువును బుద్ధిపూర్వకముగా వాడుకొనువారే తుదకు పట్టము నందుదురు. భాష రెండవ కష్టము. పాఠ్యపుస్తకములు ప్రధానముగా ఆంగ్లమునను హిందీయందును గలవు. పాత పథకమున ఆధునిక భారతీయభాషల ప్రాథమిక పాఠములలో తెలుగును కన్నడమును గూడ ఉండెను గాని, అర్థశాస్త్రమును చరిత్రను తెలుగున చదువుటకు అది మార్గము కాదు.

మాతృభాషాపక్షము

బళ్లారి రాఘవ నటించిన, ధర్మవరము రామకృష్ణమాచార్యులు నాటకములు రచించిన ఈ యూరిలో తెలుగు పరాయిభాష కాదు. కనుక తెలుగువారు తెలుగుననే పట్టము పూర్తిచేయవలెనను కోరికయందు అసహజ మేమియు లేదు. హైదరాబాదు సార్వత్రిక విశ్వవిద్యాలయపు తెలుగు పుస్తకములు, విశాఖ మొదలగు చోట్ల గల పాత దూరవిద్యాకేంద్రములు ఈ పక్షమువారి ఆధారములు.

ఈ వాదమున కెదురగు రెండు అడ్డంకులలో మొదటిది చట్టము. రాష్ట్రవిశ్వవిద్యాలయము తన దూరవిద్యాకేంద్రమును, పరీక్షాకేంద్రమును తన యధికారపరిధి దాటి నెలకొల్పరాదు. 2014 విభజన తరువాత హైదరాబాదు సంస్థ తెలంగాణమున నిలిచినది. దాని పరిధి ఆంధ్రమునకే చిక్కు ప్రశ్నయైనపుడు బళ్లారి మాట చెప్పనేల? ఆంధ్రదేశపు సంస్థలో చేరగోరు బళ్లారివాసి తరగతులకును పరీక్షలకును గుంతకల్లో, ఆదవానియో, అనంతపురమో పోవ సిద్ధపడవలెను. అంతకుముందు పరరాష్ట్రవాసిని చేర్చుకొందురా యని ఆ సంవత్సరపు ప్రవేశసూచికయందు చూచుకొనవలెను. బళ్లారియందే కూర్చుండబెట్టి పరరాష్ట్ర విశ్వవిద్యాలయపు దూరవిద్యా పరీక్ష వ్రాయింతుమని చెప్పు కేంద్రమేదేని యున్నచో, ఆ మాట యొక్కటియే దానిని వదలిపెట్టుటకు చాలును.

రెండవ అడ్డంకి చర్చలలో వినబడనిది, నా దృష్టిలో మొదటిదానికంటె గంభీరమైనది. బళ్లారి తెలుగు కుటుంబములలోని పెక్కుమంది ఇంట తెలుగు మాటలాడుచు బడిలో కన్నడముననో ఆంగ్లముననో చదివినవారు. వారికి తెలుగులిపి వచ్చినను, తెలుగులో శాస్త్రవిషయములను చదివిన అలవాటు లేదు. పదవతరగతి వఱకు కన్నడమున చరిత్ర చదివిన స్త్రీకి ముప్పదియైదవయేట తెలుగు రాజనీతిశాస్త్రము నిచ్చుట మాతృభాషాసేవ యగునేమో గాని విద్యార్థిసేవ కాదు. ఆమెకు ఇంటిభాష తెలుగు, చదువుభాష కన్నడము. దూరవిద్యయందు ప్రక్కన గురువు లేనందున, పుస్తకముయొక్క భాషయే గురువు. అది చదువుభాషయే కావలెను. దీనికి భిన్నముగా, ఆలూరు, రాయదుర్గముల వైపునుండి వివాహమై బళ్లారికి వచ్చి, తెలుగు మాధ్యమముననే ఇంటర్ వఱకు చదివిన స్త్రీలున్నారు. మాతృభాషాపక్షపు వాదము పూర్ణముగా వర్తించునది వారికే. పుట్టింటి జిల్లాలో కేంద్రము నెన్నుకొని పరీక్షల దినములు అచ్చటనే గడుపుట వారికి సాధ్యము గూడ.

అంతర్జాలపక్షము

నాలుగవ పక్షము కొత్తది, ధనబలము గలది. ఆన్‌లైన్ పట్టములకు ప్రాదేశిక పరిధి నియమము లేదు. దీని ఫలితము విచారింప దగినది: అచ్చుపుస్తకము చేతికిచ్చు అనంతపురపు విశ్వవిద్యాలయము నూఱు కిలోమీటర్లు దాటి రాలేదు, తెరపై పాఠము చెప్పు రెండువేల కిలోమీటర్ల దూరపు విశ్వవిద్యాలయము నిరాటంకముగా వచ్చును. పరిధి నియమము నకిలీకేంద్రములను అరికట్టుటకు పుట్టినది. ఆన్‌లైనున కేంద్రమే లేదు గనుక అరికట్టవలసినదియు లేదని నియమకర్తలు భావించి యుందురు. కాని కేంద్రముండిన చోట కనీసము తలుపుతట్టి అడుగుటకు ఒక మనిషి యుండెడివాడు.

ఈ మార్గము పరీక్షలకై సెలవు దొరకనివారికి, ప్రయాణము చేయలేనివారికి నిజముగా ఉపకరించును. అయితే రుసుములు తఱచుగా ప్రభుత్వసంస్థలకంటె అధికము. చేర్పించిన ప్రతినిధికి ప్రతిఫలము ముట్టు వ్యాపారరీతియు ఇందు గలదు. బి.ఏ., బి.కాం. చదువువారికి ఇంతకంటె చౌకయైన మార్గములు పైన చెప్పినవే యున్నవి.

చెప్పబడని యైదవ మార్గము

ఈ నలుగురు వాదులును మఱచునది యొకటి గలదు. పట్టమును సగములో విడిచినవారిలో కొందఱికి మిగిలినది రెండు మూడు పేపర్లు మాత్రమే. అట్టివారు కొత్తసంస్థను వెదకుటకు ముందు, తాము చదివిన విశ్వవిద్యాలయమున గడువు మీఱినవారికి మరల అవకాశ మిచ్చు ప్రత్యేకపరీక్షల ప్రకటన యేదేని వెలువడినదా యని విచారింపవలెను. గుల్బర్గా కాలమున చేరి నిలిపినవారు ఆ విశ్వవిద్యాలయమునే అడుగవలెను. బళ్లారిలో కొత్తది వెలసినదని పాతది బాధ్యత వదలుకొన్నదని తలంపరాదు.

చదివిన భాగమును వెంట తీసికొనిపోవుట యను ఆశకు మితి యున్నది. 2021లో యు.జి.సి. ఏర్పఱచిన క్రెడిట్ బ్యాంకు విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను గరిష్ఠముగా ఏడేండ్లు నిలువ యుంచును. ఇటీవల చదివి మానినవారికి ఇది గొప్పవరము. 2005లోనో 2008లోనో వార్షికపరీక్షల పద్ధతిన రెండవయేడు ముగించినవారికి క్రెడిట్లే లేవు, మార్కుల పత్రములు మాత్రమే గలవు. ఆ పత్రములను చూచి నేరుగా రెండవ సంవత్సరమున చేర్చుకొనుట ఆయా విశ్వవిద్యాలయముల సమ్మతిపై, పాఠ్యాంశముల పోలికపై ఆధారపడును. కనుక చాలమంది విషయమున 'పూర్తిచేయుట' యనగా మొదటినుండి చదువుటయే. ఈ చేదునిజమును ముందుగా అంగీకరించినవారు తప్పుడు హామీలకు లొంగరు. 'మీ పాత రెండేండ్లు కలిపి ఆఱునెలలలో ఇప్పింతుము' అను మాట వినబడినచోట నుండి లేచి పోదురు.

పోల్చి చూచినచో

ఉద్యోగము కర్ణాటకమున, చదువు కన్నడమున జరిగినవారికి మైసూరు సంస్థ సహజమైనది. బదిలీలు గల ఉద్యోగులకు, ఆంగ్లము నెఱిగి స్వయంకృషి చేయగలవారికి ఢిల్లీ సంస్థ శ్రేష్ఠము. తెలుగు మాధ్యమమున చదివి ఆంధ్రమున ఆధారము గలవారికి తెలుగుదేశపు సంస్థలు, ప్రయాణమునకు సిద్ధపడినచో, తగినవి. కదలలేని పరిస్థితిలో నుండి ఖర్చు భరింపగలవారికి అనుమతి గల ఆన్‌లైన్ పట్టము చాలును. బి.ఎస్సీ. మాత్రము ఏ మార్గముననైనను కష్టమే; ప్రయోగశాల తరగతులు ఎచ్చట జరుగునో, ఎన్నిదినములో ముందుగా తెలిసికొననిదే రుసుము చెల్లింపరాదు. పేరుప్రతిష్ఠల వరుసను ఈ పోలికలో చేర్చకుండుట ఉద్దేశపూర్వకమే.

తేలని సంగతులు

ఇంటర్మీడియట్ లేకయే అర్హతపరీక్ష వ్రాసి పట్టము పొందినవారి స్థితి ఇప్పటికిని నిష్కంటకము కాదు. పట్టము చెల్లునదే యైనను, బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయవిద్యా నియమములు ప్రాథమికార్హత లేక సార్వత్రిక మార్గమున నేరుగా పట్టము పొందినవారికి న్యాయశాస్త్రప్రవేశమును నిరాకరించుచున్నవి. ఒక చట్టము తెఱచిన ద్వారమును మఱియొక నియమము మూయుట ఎంతవఱకు సమంజసమను చర్చ సాగుచునే యున్నది. అట్టివారు న్యాయవాదవృత్తిని కోరినచో ముందుగా పి.యు.సి.ని పూర్తిచేసికొనుట క్షేమము.

పట్టము ఎన్నేండ్లదను ప్రశ్న రెండవది. జాతీయవిద్యావిధానము ననుసరించి 2021లో నాలుగేండ్ల పట్టమును ప్రవేశపెట్టిన కర్ణాటకము 2024లో మూడేండ్ల పద్ధతికి మరలినది. జాతీయసంస్థలు నాలుగేండ్ల మార్గమును గూడ నడపుచున్నవి. మూడేండ్లకు ఆపివచ్చినవానికిని, నాలుగేండ్లు చదివి ఆనర్సు పొందినవానికిని పై చదువులలోను ఉద్యోగములలోను ఏ భేదముండునో స్థిరపడుటకు ఇంకను కొంతకాలము పట్టును.

మూడవది సరిహద్దు ప్రశ్న. పరిధి నియమము కేంద్రముల దుర్వినియోగమును ఆపినది, నిజమే. కాని ప్రజలు రెండు భాషలలో బ్రతుకు బళ్లారి, రాయచూరు, కోలారు వంటి జిల్లాలకు ప్రత్యేకమైన వెసులుబాటు నేదియు 2020 నియమావళి కల్పింపలేదు. రాయదుర్గపు విద్యార్థి కన్నడమున చదువగోరినను, బళ్లారి విద్యార్థి తెలుగున చదువగోరినను, ఇరువురును ఎల్ల దాటి పరీక్ష వ్రాయవలసినదే. రెండు రాష్ట్రముల సార్వత్రిక విశ్వవిద్యాలయములు పరస్పరాంగీకారముతో ఒకదాని కేంద్రమున మఱియొకదాని పరీక్షలు జరుపుటకు నియమములను సవరింపవచ్చునా, సవరించినచో ఆ కేంద్రముపై పర్యవేక్షణ యెవరిది, విద్యార్థి ఫిర్యాదు నాలకించు బాధ్యత యే రాష్ట్రముది యను విషయములు యు.జి.సి.యు ఉభయ ప్రభుత్వములును కూర్చుండి తేల్చవలసినవిగా మిగిలియున్నవి.